మూలకణ మార్పిడి తర్వాత గుండె, రక్తనాళాలు: ఏళ్లు గడిచాక అడిగే ప్రశ్నలు

బీఎంటీ, అంటే ఎముక మజ్జ లేదా మూలకణ మార్పిడి, అయిన మొదటి వంద రోజులూ ఇంటిల్లిపాదీ థర్మామీటరు చేతిలో పట్టుకునే ఉంటారు. కౌంట్లు, ప్లేట్‌లెట్లు, జ్వరం తప్ప ఇంకో మాట ఉండదు. ఏడాది దాటాక కాస్త ఊపిరి పీల్చుకుంటారు. ఐదేళ్లు దాటేసరికి ఫైలు బీరువా మీదకు చేరుతుంది. ఆ ఫైలును మళ్లీ కిందకు దించమని అడగడానికే ఇదంతా రాస్తున్నాను. మార్పిడి చేయించుకున్నవాళ్లను ఏళ్ల తరబడి చూస్తున్న వైద్యుడిగా నాకు ఎదురయ్యే ప్రశ్నలివి. వాళ్లు అడిగిన తీరులోనే ఉంచాను.

జబ్బు రక్తంలో కదా వచ్చింది, మధ్యలో గుండె సంగతి ఎందుకు?

జబ్బు రక్తానిదే అయినా మందు మాత్రం ఒళ్లంతా తిరిగింది. మార్పిడికి ముందు కీమో, మార్పిడి వారంలో ఇచ్చిన భారీ డోసులు, కొందరికి ఒళ్లంతటికీ ఇచ్చిన రేడియేషన్, ఆ తర్వాత నెలల తరబడి స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తిని అణచి ఉంచే సైక్లోస్పోరిన్ లేదా టాక్రోలిమస్. వీటిలో ప్రతిదానికీ గుండె కండరంతోనో, రక్తనాళాల లోపలి పొరతోనో, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్‌తోనో లావాదేవీ ఉంది. దాత కణాలు మన శరీరాన్ని పరాయిదిగా చూసి దాడి చేసే జీవీహెచ్‌డీ వచ్చినవాళ్లలో రక్తనాళాలకు ఆ వాపు సెగ కూడా తోడవుతుంది.

వయసుతో రావాల్సిన గుండెజబ్బు వీళ్లలో పదేళ్లో, అంతకన్నా ఎక్కువో ముందుగా తలుపు తడుతుంది. అదే వయసున్న మామూలు జనంతో పోలిస్తే గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ముప్పు రెండు నుంచి నాలుగు రెట్లు ఉంటుందని పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. వినగానే గుండె గుభేలుమనే మాటే. కానీ ఈ ముప్పులో పెద్ద వాటా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ద్వారానే వస్తుంది. వాటికి మందులు మన ఊరి మందుల షాపులోనే దొరుకుతాయి. నాకు ధైర్యాన్నిచ్చే విషయం అదే.

ఇన్నాళ్లూ ఈ మాట మాకెవరూ ఎందుకు చెప్పలేదు?

ఎముక మజ్జ మార్పిడి మీద ఇ. డొనాల్ థామస్ బృందం తొలి నివేదిక ప్రచురించింది 1957లో. మన దేశంలో తొలి మార్పిడి 1983లో ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్ సురేశ్ అద్వానీ ఆధ్వర్యంలో జరిగింది. తొలి రోజుల్లో రోగి బతికి బయటపడితే చాలనే ఆరాటమే తప్ప ఇరవై ఏళ్ల తర్వాత ఏమవుతుందని ఆలోచించే వీలు లేదు. చిన్నతనంలో మార్పిడి చేయించుకున్నవాళ్లు నడివయసుకు చేరాకే ఈ చిత్రం స్పష్టమైంది. చెప్పాల్సినంత గట్టిగా మేం చెప్పలేదన్నది కూడా నిజమే. డిశ్చార్జ్ రోజున ఇన్ఫెక్షన్ గురించి అరగంట చెప్పి, గుండె గురించి అర నిమిషం కూడా చెప్పని సందర్భాలు నావీ ఉన్నాయి.

అందరికీ ఒకే ముప్పా? నా లెక్క నాకెలా తెలుస్తుంది?

ఒకే ముప్పు కాదు. ముందు చూడాల్సింది ఆంత్రాసైక్లిన్ మందులు, అంటే డాక్సోరూబిసిన్, డానోరూబిసిన్ కుటుంబం. సెలైన్ గొట్టంలో ఎర్రగా దిగేది, ఎక్కించాక మూత్రం కూడా ఎర్రగా వచ్చేది. అది మీకు గుర్తుండే ఉంటుంది. కింద ‘ఎర్ర కీమో’ అన్నదల్లా ఇదే. లుకీమియా, లింఫోమా అనే రక్త క్యాన్సర్ల రోగుల్లో చాలామందికి ఇస్తారు. జీవితకాలంలో ఎక్కిన మొత్తం ఎంత అన్నది ముఖ్యం. డాక్సోరూబిసిన్ లెక్కలో శరీర వైశాల్యం చదరపు మీటరుకు 250 మిల్లీగ్రాములు, ఆపైన అయితే ఎక్కువ ముప్పు గుంపులో వేస్తాం. అంతకు తక్కువైతే నిశ్చింత అని అర్థం చేసుకోవద్దు. ఛాతీకి రేడియేషన్ కూడా తోడైతే తక్కువ డోసు కూడా లెక్కలోకి వస్తుంది.

రెండోది రేడియేషన్. లింఫోమాకు ఛాతీ మధ్యలో ఇచ్చినదైతే గుండె కవాటాలు గట్టిపడటం, గుండెకు రక్తం తెచ్చే ధమనులు సన్నబడటం పదేళ్లు దాటాక కూడా బయటపడతాయి. ఒళ్లంతటికీ ఇచ్చే రేడియేషన్ సాధారణంగా 12 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) వరకు, విడతలుగా ఇస్తారు. దాని దెబ్బ నేరుగా గుండె మీద కన్నా షుగర్, కొవ్వు, థైరాయిడ్, హార్మోన్ల మీదుగా వస్తుంది. చిన్నప్పుడు తీసుకున్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ.

మైలోమాకు (మజ్జలో పుట్టే ఒక రక్త క్యాన్సర్) సొంత కణాలతో మార్పిడి చేయించుకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఇచ్చే మెల్ఫలాన్ అనే కీమో వల్ల మొదటి వారాల్లో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రావచ్చు. తర్వాత ఏళ్ల తరబడి వేసుకునే లెనలిడోమైడ్ వల్ల కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. అందుకే దానితో పాటు ఆస్పిరినో, రక్తం పలుచన చేసే మరో మందో రాస్తారు. ‘చిన్న మాత్రే కదా’ అని దాన్ని మీకు మీరుగా ఆపొద్దు.

ఎప్లాస్టిక్ ఎనీమియా (మజ్జ రక్తం తయారు చేయడం మానేసే జబ్బు), తలసీమియాకు చేయించుకున్నవాళ్లకు సాధారణంగా ఎర్ర కీమో పడదు. తలసీమియా వాళ్ల గుండెకు శత్రువు ఇనుము. దాని సంగతి కింద విడిగా చెబుతాను.

ఎకో తీయించాను, నార్మల్ అన్నారు. ఇక చాలు కదా?

ఈ ప్రశ్న దగ్గర కాస్త ఆగుతాను. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

టూడీ ఎకోలో, అంటే గుండెకు చేసే స్కానింగ్‌లో, చూసే ఈఎఫ్, అంటే గుండె ఒక్కో కొట్టుకు ఎంత శాతం రక్తాన్ని బయటకు నెడుతోందన్న లెక్క, చివరి దశ వరకూ బాగానే కనిపించగలదు. కొన్ని కండరకణాలు చచ్చిపోయినా మిగిలినవి ఆ భారాన్ని మోస్తూ వస్తాయి. ఎడ్లబండికి కట్టిన జోడులో ఒక ఎద్దు కుంటుతున్నా రెండోది లాగుతున్నంతసేపు బండి సాగుతూనే ఉంటుంది. బీపీ పెరిగినప్పుడో, కాన్పు సమయంలోనో, పెద్ద ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడో ఆ రెండోది కూడా తూలుతుంది. అమెరికాలో సొంత కణాలతో మార్పిడి చేయించుకున్నవాళ్లను వెంటాడి చూసిన ఒక అధ్యయనంలో గుండె వైఫల్యం 5 ఏళ్లకు దాదాపు 5 శాతం మందిలో, 15 ఏళ్లకు 9 శాతం మందిలో కనిపించింది. కాలం గడిచే కొద్దీ అంకె పెరిగింది తప్ప తగ్గలేదు. అందుకే ఒక్క ఎకోతో ఫైలు మూయలేం.

ఈఎఫ్ పడిపోకముందే కండరం సాగడంలో తేడాను పట్టుకునే స్ట్రెయిన్ అనే కొలత ఇప్పుడు ఉంది. ఎకో చేయించేటప్పుడు అది కూడా చూడమని అడగండి. ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్ష కూడా కొంత తోడ్పడుతుంది. తేడాను తొందరగా పట్టుకుంటే బీటా బ్లాకర్లు, ఏసీఈ ఇన్‌హిబిటర్ల వంటి మందులతో గుండె కోలుకునే అవకాశం ఎక్కువ. ఆయాసంతో మంచం పట్టాక మొదలుపెడితే అంత ఫలితం ఉండదు.

ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి?

బీపీ: ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ. మందులు వాడుతున్నవాళ్లు ఇంట్లో కూడా చూసుకోవాలి. 130/80 కిందకు తేవడం మా లక్ష్యం.

కొలెస్ట్రాల్, షుగర్: మార్పిడి అయ్యాక మూడు నెలలు నిండినప్పుడు ఒకసారి, ఏడాది నిండినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఏటా. స్టెరాయిడ్ల మీద ఉన్నన్నాళ్లు ఇంకా తరచుగా. థైరాయిడ్, మూత్రంలో ప్రొటీన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా ఏడాదికోసారి. థైరాయిడ్ మందగించి కొలెస్ట్రాల్ పెరిగినవాళ్లకు థైరాయిడ్ మాత్రతోనే అది చాలావరకు దిగుతుంది.

ఎకో: ఎర్ర కీమో లేదా ఛాతీ రేడియేషన్ తీసుకున్నవాళ్లకు ఏడాది నిండేసరికి ఒకటి తప్పనిసరి. ఆ తర్వాత ఎన్నేళ్లకొకటి అన్నది మీ డోసును బట్టి డాక్టరు నిర్ణయిస్తారు.

ఒక చిన్న హెచ్చరిక. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎర్రకణాల వయసు మీద ఆధారపడుతుంది. రక్తం ఎక్కించినా, ఇనుము తగ్గించడానికి రక్తం తీస్తున్నా అది తప్పుగా తక్కువ చూపవచ్చు. అలాంటప్పుడు పరగడుపున, తిన్నాక చూసే షుగర్ అంకెలనే నమ్మండి.

నేను బక్కగానే ఉన్నాను. కొలెస్ట్రాల్, షుగర్ నాకెందుకు వస్తాయి?

బరువు మిషను కండకీ కొవ్వుకీ తేడా చూపదు. నెలల తరబడి మంచాన ఉండి, స్టెరాయిడ్లు వాడాక తొడలు, భుజాల కండ కరిగిపోతుంది. పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది. మొత్తం బరువు మాత్రం పాతదే. చిన్నప్పుడు ఒళ్లంతటికీ రేడియేషన్ తీసుకున్నవాళ్లలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. బక్కపలచని కుర్రాడికి పాతికేళ్లకే షుగర్, ఫ్యాటీ లివర్.

మనవాళ్లకు అసలే తక్కువ బరువుకే షుగర్ వచ్చే స్వభావం ఉంది. అందుకే టేపు తీసుకుని నడుము కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే బరువు ఎంతున్నా లెక్కలోకి తీసుకోవాలి. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవగలుగుతున్నారో లేదో కూడా గమనించండి. తొడ కండ ఎంత మిగిలిందో అది చెప్పేస్తుంది.

సైక్లోస్పోరిన్ వల్లే బీపీ అంటున్నారు. అది మానేస్తే పోదా?

దయచేసి ఆ పని చేయకండి. జీవీహెచ్‌డీ ఒక్కసారి చెలరేగితే దాన్ని అణచడానికి వేసే స్టెరాయిడ్లు బీపీనీ షుగర్‌నూ ఇంకా పైకి లేపుతాయి. సైక్లోస్పోరిన్ బీపీని, కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. టాక్రోలిమస్ బీపీతో పాటు షుగర్‌ను, ఆ కోవకే చెందిన సిరోలిమస్ రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వును పెంచుతాయి. వీటి డోసు తగ్గించడం, మార్చడం, ఆపడం మార్పిడి చేసిన బృందం పని. ఆ లోపు బీపీకి బీపీ మాత్ర వేసుకోవాలి. అసలు మందు ఆగాక బీపీ మాత్ర కూడా ఆగిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు, కాబట్టి ‘ఒకసారి మొదలుపెడితే జన్మంతా’ అన్న భయం వద్దు.

దీర్ఘకాలిక జీవీహెచ్‌డీకి ఇబ్రూటినిబ్ వాడుతుంటే గుండె దడ, బీపీ, రక్తస్రావం మీద కన్నేయండి. రుక్సోలిటినిబ్ వాడుతుంటే కొలెస్ట్రాల్ చూపించుకోండి.

మా ఊళ్లో డాక్టరు కొలెస్ట్రాల్ మాత్ర రాశారు. వేసుకోవచ్చా?

ఏ మాత్రో చూసి వేసుకోవాలి. స్టాటిన్లు మీకు మేలు చేసేవే, చాలామందికి నేనే రాస్తాను. కానీ సైక్లోస్పోరిన్ వాడుతున్నవాళ్లకు సిమ్వాస్టాటిన్ అసలు పనికిరాదు, అటోర్వాస్టాటిన్ కూడా వద్దనే అంటాం. రక్తంలో వాటి మోతాదు కొన్ని రెట్లు పెరిగి కండరాలు చితికిపోతాయి, ఆ చెత్త కిడ్నీలకు అడ్డుపడుతుంది. ప్రావాస్టాటిన్, లేదా రోజువాస్టాటిన్ అతి తక్కువ డోసులో, 5 మిల్లీగ్రాములు మించకుండా వాడతాం. ఫంగస్ రాకుండా ఇచ్చే వోరికొనజోల్, పోసకొనజోల్‌తో కూడా ఇదే చిక్కు. ఒంటినొప్పులు, తొడల్లో నీరసం, మూత్రం కోకోకోలా రంగులో రావడం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఫోన్ చేయండి.

బీపీ మాత్రల్లో డిల్టియాజెమ్, వెరాపమిల్ సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ స్థాయిలను పెంచేస్తాయి. గొంతునొప్పికి రాసే క్లారిత్రోమైసిన్ కూడా అంతే. మోకాళ్ల నొప్పికని షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్ బీపీ పెంచుతుంది, కిడ్నీని దెబ్బతీస్తుంది. నేను నా దగ్గరకు వచ్చేవాళ్లను ఒక్కటే అడుగుతాను: మీ మందుల చీటీ ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి, ఎవరు ఏ కొత్త మందు రాసినా ముందు అది చూపించండి. ఆర్‌ఎంపీ అయినా సరే, పెద్ద స్పెషలిస్టు అయినా సరే.

తిండి సంగతి? ఆవకాయ పూర్తిగా మానాలా?

కౌంట్లు తక్కువున్నప్పుడు పచ్చళ్లు వద్దన్నది ఇన్ఫెక్షన్ భయంతో. ఇప్పుడు వద్దనేది ఉప్పు కోసం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు అంటుంది, ఒక టీస్పూను. ఆవకాయ, అప్పడం, చల్ల మిరపకాయ, ఎండుచేప ఒకే పళ్లెంలో చేరితే మధ్యాహ్నం భోజనంలోనే ఆ కోటా అయిపోతుంది. వారానికోసారి బద్ద నంజుకోవడం వేరు, మూడు పూటలా ముద్దలో కలుపుకోవడం వేరు. అన్నం తగ్గించి పప్పు, కూర పెంచండి. చేప, గుడ్డు, పెసలు, శనగలు కండ పెట్టడానికి కావాలి.

రెండు జాగ్రత్తలు మాత్రం మన ఇళ్లలో ఎవరికీ తెలియనివి. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్, కొన్ని బీపీ మాత్రలు అసలే పొటాషియం పెంచుతాయి. అది హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది. రోజూ రెండు బోండాల కొబ్బరినీళ్లతోనూ అదే ప్రమాదం. ఆ మందులు వాడుతున్నన్నాళ్లు ఇవి డాక్టరును అడిగే తీసుకోవాలి. ఇక పంపరపనస. గ్రేప్‌ఫ్రూట్ లాగే అది కూడా ఈ మందుల స్థాయిని రక్తంలో పెంచుతుంది. పెరట్లో చెట్టున్నా సరే, ఆ మందులు ఆగేదాకా ముట్టొద్దు. బత్తాయి రసం తాగొచ్చు. షుగర్ ఉంటే అది కూడా చూసుకుని.

మా అబ్బాయికి తలసీమియాకు మార్పిడి చేశారు. రక్తం ఎక్కించడం ఆగిపోయింది. ఇక భయం లేదు కదా?

రక్తం ఆగింది, ఇనుము ఆగిపోలేదు. ఒక్కో సీసా రక్తంలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. దాన్ని బయటకు పంపే దారి శరీరానికి లేదు. మార్పిడికి ముందు ఏళ్ల తరబడి పోగైనదంతా కాలేయంలో, గుండెలో, హార్మోన్ గ్రంథుల్లో కూర్చునే ఉంటుంది.

మార్పిడి కుదురుకున్నాక ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ రక్తపరీక్ష చూస్తాం. గుండెలో ఎంత ఉందో తెలియాలంటే టీ2 స్టార్ అనే ఎమ్మారై కొలత కావాలి. 20 మిల్లీసెకన్ల లోపు వస్తే గుండెలో ఇనుము ఉన్నట్టు, 10 లోపు వస్తే ఆలస్యం చేయకూడనట్టు. ఇప్పుడు పిల్లాడి హిమోగ్లోబిన్ బాగుంది కాబట్టి ఒక కొత్త దారి తెరుచుకుంది: కొద్ది కొద్దిగా రక్తం తీసేయడం. ఎక్కించుకుని బతికిన పిల్లాడి నుంచి రక్తం తీస్తామంటే తల్లిదండ్రులు బిత్తరపోతారు. ఒకమ్మ నా ముందే ఏడ్చేసింది. తీసిన ప్రతిసారీ ఎముక మజ్జ నిల్వ ఉన్న ఇనుమును వాడుకుని కొత్త రక్తం తయారు చేస్తుందని కాగితం మీద బొమ్మ గీసి చెప్పాక ఒప్పుకుంది. రక్తం తీయడం కుదరనివాళ్లకు డెఫెరాసిరాక్స్ వంటి మాత్రలున్నాయి.

మా అన్నయ్య కణాలిచ్చాడు. ఆయనకు ఇప్పుడు హార్ట్ ఎటాక్ వచ్చింది. నాకూ వస్తుందా?

ఆయన కణాల వల్ల మీ గుండె ధమనులు మూసుకుపోవు. మీ బ్లడ్ గ్రూపు ఆయనదిగా మారి ఉండవచ్చు, కానీ గుండె, రక్తనాళాల గోడలు మీవే. అయితే ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు. ఆయనకు చిన్న వయసులోనే వచ్చిందంటే కుటుంబ చరిత్రగా అది మీకూ వర్తిస్తుంది. డాక్టరుకు చెప్పండి, మీ అన్నయ్యను కూడా సిగరెట్ మానమనండి.

మెట్లెక్కితే ఆయాసం. గుండేనా, ఊపిరితిత్తులా?

రెండూ చూడాలి. దాత కణాలతో చేయించుకున్నవాళ్లలో జీవీహెచ్‌డీ ఊపిరితిత్తుల సన్నగొట్టాలను బిగించేస్తుంది. ఎకో బాగుండి ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష చేయించాల్సిందే. పడుకుంటే ఆయాసం పెరిగి లేచి కూర్చుంటే తగ్గడం, సాయంత్రానికి పాదాలు వాచి చెప్పు బిగుసుకోవడం, నాలుగు రోజుల్లో రెండు కిలోల బరువు పెరగడం గుండె వైపు చూపిస్తాయి. ఒంటికాలికే వాపు, పిక్కలో నొప్పి ఉంటే సిరలో గడ్డ ఉందేమోనని అనుమానించాలి.

ఛాతీలో బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, చల్లటి చెమటలు వస్తే గ్యాస్ అనుకుని జెలుసిల్ తాగి పడుకోకండి. 108కి ఫోన్ చేయండి. ముప్పై ఐదేళ్ల వయసుకు హార్ట్ ఎటాక్ ఏమిటని దగ్గర్లోని ఆసుపత్రిలో తేలిగ్గా తీసుకుంటే, ‘నాకు బీఎంటీ అయింది, ఈసీజీ తీయండి’ అని గట్టిగా చెప్పండి.

అమ్మాయికి పెళ్లి చేశాం. గర్భం దాలిస్తే గుండెకు ఇబ్బందా?

గర్భంతో ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది, గుండె అదంతా తోడాలి. ఎర్ర కీమో గానీ ఛాతీ రేడియేషన్ గానీ తీసుకున్న అమ్మాయికి గర్భానికి ముందే ఎకో చేయించండి, మొదటి నెలల్లో మళ్లీ చేయించండి. ఏసీఈ ఇన్‌హిబిటర్లు గర్భంలో పనికిరావు, ముందే మార్పించుకోవాలి. అత్తింటివారికి తెలుస్తుందేమోనని పాత జబ్బును ప్రసూతి డాక్టరు దగ్గర కూడా దాచినవాళ్లను చూశాను. డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడిగే హక్కు ఆ అమ్మాయికి ఉంది.

వ్యాయామం చేస్తే గుండె మీద భారం పడదా?

చేయకపోతేనే భారం. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండకు పని. పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచండి. ఈఎఫ్ తగ్గినవాళ్లు, ఇనుము ఎక్కువున్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి.

టీకాలకూ గుండెకూ ఏం సంబంధం?

ఫ్లూ, న్యుమోనియా వచ్చిన వారాల్లో హార్ట్ ఎటాక్ ముప్పు పెరుగుతుంది. మార్పిడితో చిన్ననాటి టీకాల రక్షణ చాలావరకు చెరిగిపోతుంది కాబట్టి మళ్లీ వేయించుకోవాలి. ఫ్లూ టీకా ఏటా.

మాది పల్లె. ప్రతిసారీ హైదరాబాద్ రాలేం. ఏం చేయాలి?

ప్రతిసారీ రావక్కర్లేదు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మీ మండలంలోనే చూపించుకోవచ్చు. కాకపోతే అక్కడి డాక్టరు చేతిలో పెట్టడానికి ఒక కాగితం కావాలి. మార్పిడి చేసిన చోట అడిగి రాయించుకోండి: ఏ జబ్బు, ఏ తేదీన మార్పిడి, సొంత కణాలా దాతవా, ఎర్ర కీమో మొత్తం డోసు ఎంత, రేడియేషన్ ఎక్కడ ఎన్ని గ్రే, జీవీహెచ్‌డీ వచ్చిందా, చివరి ఎకోలో ఈఎఫ్ ఎంత, ఇప్పుడు నడుస్తున్న మందులేమిటి. ఒక్క పేజీకి మించదు. రికార్డులు పాతబడే కొద్దీ వెతకడం కష్టమవుతుంది, కాబట్టి ఈసారి వెళ్లినప్పుడే అడగండి. లామినేషన్ చేయించి ఒకటి ఇంట్లో, ఫోటో తీసి ఒకటి మీ ఫోన్‌లో, ఒకటి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో ఉంచండి.